స్వెటర్ పట్టి ఉంచే గాలి

కశింకోటలో స్వెటర్‌కు ఏడాదిలో పని దొరికేది కొద్ది వారాలే. కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చాక, తెల్లవారుజామున చెరకు తోటల మీద మంచు దిగి హైవే మీద లారీల లైట్లు మసకబారే రోజుల్లో అది బీరువా అడుగు నుంచి కలరా ఉండల వాసనతో బయటికొస్తుంది. తాతగారికి మంకీ టోపీ, చంటిదానికి ఊలు మేజోళ్లు, పొద్దున్నే బస్సెక్కి అచ్యుతాపురం డ్యూటీకి వెళ్లే అమ్మాయికి చుడీదార్ మీద జిప్పు స్వెటర్. సంక్రాంతి వెళ్లిందంటే మళ్లీ మడత పెట్టేయడమే. సముద్రం దగ్గర్లోనే ఉంది కనుక ఎంత చలి చేసినా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 16–20 డిగ్రీల మధ్యే ఆగిపోతుంది.

స్వెటర్‌కు అసలు పరీక్ష కొండ మీద. తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి, మాకవరపాలెం, నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి వస్తుంది. ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. ఆ ఎత్తుకు తగ్గాల్సింది ఆరేడు డిగ్రీలే. కానీ మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకోవడం, చల్లబడి బరువెక్కిన గాలి కొండల నడుమ పల్లంలో మడుగు కట్టడం కూడా తోడవుతాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారేసరికి ఐదారు డిగ్రీలు మామూలు. పాదరసం సున్నా దగ్గరకు జారిన రోజులూ ఉన్నాయి. చెరువులవేనం దగ్గర కొండల మధ్య తేలే మేఘాల్ని సూర్యోదయంలో చూడాలని అనకాపల్లి, కశింకోట వైపు కుర్రాళ్లు అర్ధరాత్రి దాటాక బళ్లు తీస్తారు.

ఈ ప్రయాణం చేసినవాళ్లకు ఒక సంగతి అనుభవం. ఘాట్ రోడ్డులో బండి మీద ఉన్నంతసేపూ ఒంటి మీద స్వెటర్ ఉన్నట్టే ఉండదు. చలి గుండెల మీద సూటిగా దిగుతుంది. పైకి చేరి బండి ఆపి, టీ కొట్టు గోడ చాటున నిలబడితే అదే స్వెటర్ కాసేపట్లో పనిచేయడం మొదలుపెడుతుంది. కింద కంటే పైన చలి ఎక్కువైనా సరే! స్వెటర్ మారలేదు, మనిషీ మారలేదు. మారింది గాలి ఒక్కటే.

స్వెటర్ వెచ్చగా ఉంటుందని మాటవరసకు అంటాం గానీ దానికి సొంత వేడి ఏమీ లేదు. బీరువాలోంచి తీసిన స్వెటర్‌కు థర్మామీటర్ పెడితే బీరువా ఎంతుందో అదీ అంతే చూపిస్తుంది. వేడి పుట్టించేది ఒళ్లు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ల శరీరం కూడా తిన్న తిండిని మండించుకుంటూ సెకనుకు సుమారు 100 జూళ్ల వేడి, అంటే 100 వాట్లు, బయటికి వదులుతూనే ఉంటుంది. బట్ట చేయగలిగిందల్లా ఆ వేడి బయటికి పోవడాన్ని కష్టతరం చేయడం. ఆ పనిని అన్నిటికంటే బాగా చేసే చవక పదార్థం మన చుట్టూ ఉచితంగా ఉంది. నిలిచిన గాలి. దాని ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.026 వాట్లు. ఉన్ని పోగు దీనికంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువగా వేడిని దాటనిస్తుంది, నూలు పోగు ఇంకా ఎక్కువ, నీరైతే ఇరవై రెట్లకు పైనే. అంటే స్వెటర్‌లో వెచ్చదనం ఇచ్చేది ఊలు కాదు. ఊలు లేని చోటు.

మరి గాలే అంత మంచిదైతే స్వెటర్ ఎందుకు? బట్టల్లేకుండా నిలబడినా చుట్టూ గాలేగా! ఈ ప్రశ్నకు 1792లోనే ఒకాయన కొలిచి మరీ జవాబు చెప్పాడు. అమెరికాలో పుట్టి, బవేరియా పాలకుడి కొలువులో సైన్యం వ్యవహారాలు చూసిన బెంజమిన్ థామ్సన్. తర్వాత కౌంట్ రంఫర్డ్ అయ్యాడు. సైనికులకు ఏ బట్ట కుట్టిస్తే ఖర్చు తగ్గి చలి ఆగుతుందన్నది ఆయన సమస్య. ఒక థర్మామీటర్ బుడ్డిని అంతకంటే పెద్ద గాజు బుడ్డిలో నిలిపి, మధ్య ఖాళీలో రకరకాల సరుకు కూరి, మరిగే నీళ్లలో వేడి చేసి, మంచులో ముంచి, చల్లబడటానికి పట్టే సెకన్లు లెక్కపెట్టాడు. ఖాళీలో ఉత్త గాలి ఉన్నప్పుడు 576 సెకన్లు పట్టింది. అందులోనే కాస్త దూది కూరితే 1046. గొర్రె ఉన్ని కూరితే 1118. గమనించాల్సింది రెండు సంగతులు. ఒకటి, దూదికీ ఉన్నికీ తేడా మనం అనుకునేంత లేదు. రెండోది ఇంకా ముఖ్యం: అదే ఉన్నిని పురిపెట్టి దారంగా చేసి కూరినప్పుడు అంకె 934కు పడిపోయింది. సరుకు అదే, విప్పారి ఉంటే ఒక ఫలితం, బిగిసి ఉంటే ఇంకొకటి.

ఉత్త గాలి ఓడిపోయింది ఎందుకంటే అది ఊరుకోదు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటికి చల్లగాలి వస్తుంది, అది వేడెక్కి మళ్లీ లేస్తుంది. ఒంటి పక్కన ఈ తిరుగుడు నడుస్తున్నంతసేపూ గాలి వేడిని మోసుకుపోతూనే ఉంటుంది. సందు కొద్ది మిల్లీమీటర్లకు తగ్గితే ఈ తిరుగుడు ఆగిపోతుంది. సందు నిండా సన్నని పోగులుంటే గాలి వాటికి రాచుకుని కదల్లేక ఉండిపోతుంది. పైగా ఒళ్లు కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో కూడా వేడిని వదులుతుంది. పోగులు వాటినీ కొంత అడ్డుకుంటాయి. కాబట్టి మంచి చలిబట్ట అంటే వీలైనంత ఎక్కువ గాలిని, వీలైనంత తక్కువ పోగుతో, కదలకుండా పట్టి ఉంచేది. ఈ లెక్కలో నేత బట్టను అల్లిక బట్ట సులువుగా దాటేస్తుంది. అది ఎలాగో తెలియాలంటే ఇంట్లో ఉన్న బనియన్‌ను ఒకసారి తీయాలి.

బనియన్ కూడా అల్లిక బట్టే. కొట్టులో హోజరీ అంటారు. దాన్ని వెలుతురులో పట్టుకుని ఫోను కెమెరా జూమ్ చేసి చూడండి. బయటి వైపు నిలువు వరుసల్లో ఒకదానిలో ఒకటి దూరిన చిన్న చిన్న ‘వి’ ఆకారాలు కనిపిస్తాయి. లోపలి వైపు తిప్పితే అడ్డంగా పేర్చిన అర్ధచంద్రాలు. రెండూ ఒకే మెలికకు ముందువెనుకలు. నేత బట్టలో పడుగు, పేక అని రెండు జాతుల దారాలు. ఒకటి పైకి, ఒకటి కిందికి, బిగువుగా, దాదాపు తిన్నగా సాగిపోతాయి. అల్లికలో ఒకే దారం అడ్డంగా నడుస్తూ, ప్రతి అడుగుకూ మెలిక తిరిగి, కింది వరుస మెలికలోంచి తల బయటపెట్టి, పై వరుస మెలికకు చోటిచ్చి ముందుకు పోతుంది. తిన్నగా ఉన్న ముక్క ఎక్కడా లేదు. దారం పైకీ కిందికీ మాత్రమే కాదు, ముందుకూ వెనక్కూ కూడా వంగుతుంది. వంచిన దారం తిన్నబడాలని లోలోపల తన్నుతూనే ఉంటుంది. ఆ తన్నుడే బట్టకు మందం. పాత టీషర్టును కత్తెరతో కత్తిరిస్తే అంచు దానంతట అదే చుట్టుకుపోతుంది చూడండి, అది ఈ బలమే.

ఇంకో తేడా మగ్గం దగ్గరే మొదలవుతుంది. మగ్గం మీద పడుగు దారం గట్టిగా లాగి కట్టాలి, వేలసార్లు రాపిడికి తట్టుకోవాలి. కనుక దానికి పురి ఎక్కువ పెడతారు, గంజి పట్టిస్తారు. అల్లికలో దారం మీద అంత లాగుడు ఉండదు. తక్కువ పురితో, మెత్తగా, నూగుగా ఉన్న దారమైనా నడుస్తుంది. నిజానికి సూది చుట్టూ సులువుగా వంగాలంటే అలాగే ఉండాలి. రంఫర్డ్ దారాలు ఓడిపోయి విప్పారిన ఉన్ని గెలిచిన సంగతి గుర్తుంటే, ఇక్కడ అల్లిక ఎందుకు ముందుందో వేరే చెప్పక్కర్లేదు.

చేత్తో అల్లిన ఒక స్వెటర్ మందం నాలుగు మిల్లీమీటర్లు, చదరపు మీటరు బరువు 400 గ్రాములు అనుకుందాం. అంటే ఘనపు మీటరుకు 100 కిలోలు. ఉన్ని పోగు సాంద్రత 1310 కిలోలు. భాగిస్తే పోగు ఆక్రమించిన చోటు ఏడున్నర శాతం. మిగతా 92 శాతానికి పైగా గాలి. 150 గ్రాముల బనియన్ గుడ్డ 0.6 మిల్లీమీటర్ల మందం ఉంటే అందులో గాలి 84 శాతం వస్తుంది. చొక్కాకు వాడే పాప్లిన్ 110 గ్రాములు, పావు మిల్లీమీటరు మందం అనుకుంటే 71 శాతం. శాతాల్లో తేడా పెద్దగా లేదనిపించవచ్చు. కానీ చూడాల్సింది శాతంతో పాటు మందం కూడా. పాప్లిన్‌లో గాలి పొర మొత్తం పావు మిల్లీమీటరు లోపే. స్వెటర్‌లో దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. కొట్టువాడు ‘ఇది బరువుగా ఉందండీ, చలి బాగా ఆపుతుంది’ అంటే నమ్మాల్సిన పని లేదు. చలిని ఆపేది బరువు కాదు, మందం. బరువు ఎక్కువై మందం తక్కువైన స్వెటర్ మోయడానికే.

ఈ ఆపడాన్ని కొలవడానికి ఒక కొలమానం ఉంది, పేరు క్లో. 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో, గాలి దాదాపు కదలని చోట, తీరిగ్గా కూర్చున్న మనిషికి చలీ ఉక్కా లేకుండా చేసే దుస్తుల ఉష్ణ నిరోధం ఒక క్లో. ఆ రోజుల్లో మగవాళ్ల సూటు ఇంచుమించు అంత ఇచ్చేది. ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, బనియన్, బూట్లు కలిపితే సుమారు 0.65. ఒక మామూలు స్వెటర్ కలిపేది 0.28, బాగా మందమైనది 0.35. ఒక మిల్లీమీటరు నిలిచిన గాలికే పావు క్లో రావాలిగా, నాలుగు మిల్లీమీటర్ల స్వెటర్‌కు ఇంతేనా అని అడగొచ్చు. స్వెటర్ కప్పేది ఛాతీ, వీపు, చేతులనే. కాళ్లు, తల, అరచేతులు బయటే ఉన్నాయి. క్లో లెక్క ఒళ్లంతటికీ. ముసలాళ్ల మంకీ టోపీని చూసి నవ్వేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే మంచిది.

ఇప్పుడు కశింకోటకు, లంబసింగికి లెక్క కడదాం. చర్మం 33 డిగ్రీలు. కూర్చున్న మనిషి చదరపు మీటరుకు వదిలే 58 వాట్లలో పావు వంతు ఊపిరితో, చెమటతో పోగా బట్టల్లోంచి పోవాల్సింది 44 వాట్లు. బయట 18 డిగ్రీలుంటే తేడా 15. దీనికి కావాల్సిన నిరోధం సుమారు 2.2 క్లో. అందులో 0.8 మన చుట్టూ అంటిపెట్టుకుని ఉండే గాలి పొరే ఇస్తుంది. మిగతా 1.4 బట్టలు ఇవ్వాలి. లుంగీ, చొక్కాతో అరుగు మీద పేపరు చదివే పెద్దాయనకు ఉన్నది అర క్లో. స్వెటర్ వేసుకున్నా 0.8 దగ్గరే ఆగుతాడు. దుప్పటి కప్పుకోవాల్సిందే. మన 18 డిగ్రీలు ఒక చలేనా అని ఢిల్లీ చుట్టాలు వెక్కిరిస్తే వాళ్లకు ఈ అంకెలు చూపించొచ్చు. అదే పెద్దాయన లేచి నెమ్మదిగా నడిచినా ఒంట్లో పుట్టే వేడి రెట్టింపవుతుంది. అప్పుడు కావాల్సింది 0.3 మాత్రమే, చొక్కాతోనే సరి. పొద్దున్నే స్వెటర్‌తో నడకకు బయల్దేరినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు దాన్ని భుజాన వేసుకుని రావడం అందుకే.

లంబసింగిలో ఐదు డిగ్రీల దగ్గర ఇదే లెక్క కడితే, కదలకుండా కూర్చోవడానికి బట్టల నుంచే 3.3 క్లో కావాలి. ప్యాంటు, చొక్కా, స్వెటర్, టోపీ కలిసి ఒకటి. రెండు క్లోలకు పైనే తక్కువ. నడుస్తూ ఉంటే కావాల్సింది 1.3, కొద్దిలో తప్పింది. కొండ మీద జనం ఒకచోట కుదురుగా నిలబడకుండా అటూ ఇటూ తిరుగుతూ, చేతులు రుద్దుకుంటూ, నెగడు కనిపించగానే దాని చుట్టూ చేరడం వట్టి సరదా కాదు. ఆ రెండు క్లోల లోటు పూడ్చుకుంటున్నారు.

ఇక బండి సంగతి. పై లెక్కల్లో గాలి పొర ఇచ్చిన 0.8 క్లోను చాలామంది లెక్కలోకే తీసుకోరు. అది నిలిచిన గాలిలోనే ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి మీద ఆ పొర చెరిగిపోయి ఐదో వంతుకు వచ్చేస్తుంది. ఐదు డిగ్రీల్లో ఆ వేగానికి బట్ట లేని ముఖానికి తెలిసే చలి మైనస్ ఒకటి డిగ్రీకి సమానం. ఇది మొదటి దెబ్బ మాత్రమే. రెండోది స్వెటర్ లోపల. ఆ వేగంలో ఎదురుగాలి ఛాతీ మీద చదరపు మీటరుకు సుమారు ఏడు కిలోల బరువుతో సమానంగా తోస్తుంది. నూటికి తొంభై వంతులు ఖాళీ అయిన బట్టకు అది చాలదూ? మెలికకూ మెలికకూ మధ్య దారులన్నీ తెరిచే ఉన్నాయి. పట్టి ఉంచిన గాలిని కొత్త గాలి బయటికి నెట్టేస్తుంది. ఇక్కడ నేత బట్టదే పైచేయి. పాప్లిన్‌లో గాలి పొర పలచనే గానీ దారాలు దగ్గరగా, బిగుతుగా ఉంటాయి, ఎదురుగాలి అంత తేలిగ్గా దూరలేదు.

అల్లిక బట్టకు ఉన్న గుణమూ దోషమూ ఒక్కటే, ఖాళీ. ఆ ఖాళీలో గాలి నిలిస్తే వెచ్చదనం, కదిలితే చలి. మన వాళ్లు బట్టలు వేసుకునే వరుస ఎదురుగాలిలో కావాల్సినదానికి సరిగ్గా తలకిందులు: లోపల చొక్కా, బయట స్వెటర్. ఇంట్లో, అరుగు మీద ఇది బాగానే ఉంటుంది. బండెక్కేటప్పుడు మాత్రం స్వెటర్ మీద గాలి చొరని పలచని నైలాను విండ్‌చీటర్ ఒకటి తగలాలి. విండ్‌చీటర్‌కు సొంతంగా మందం లేదు, అది ఆపే చలీ స్వల్పమే. దాని పని స్వెటర్‌లోని గాలికి తలుపు వేయడం. చొక్కా లోపల ఛాతీ మీద వార్తాపత్రిక మడిచి పెట్టుకునే బండివాళ్లు చేసేదీ ఇదే. ఖర్చు లేని విండ్‌చీటర్.

తెలంగాణ, రాయలసీమ గొర్రెల కాపరులు ఈ సమస్యను పూర్తిగా ఇంకో దారిలో తీర్చారు. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసే గొంగడి అల్లిక కాదు, నేత. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఫలితం గట్టిగా, గరుకుగా, బరువుగా ఉండే గుడ్డ. ఊలు స్వెటర్ ముందు అది మొరటుగా కనిపిస్తుంది. కానీ ఆరుబయట, వానలో, గాలిలో మంద వెంట తిరిగే మనిషికి స్వెటర్ నిలవదు, గొంగడి నిలుస్తుంది. ఉన్ని గరుకుదనం లోపల గాలిని పడుతుంది, నేత బిగువు బయటి గాలిని ఆపుతుంది. స్వెటర్, విండ్‌చీటర్ రెండూ ఒకే గుడ్డలో ఉన్నట్టు. నా మటుకు నాకు, మన ప్రాంతపు చలిబట్టల్లో ఆలోచన ఎక్కువగా పెట్టి చేసింది ఇదే అనిపిస్తుంది.

గాలి మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లలో నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రూన్ ఇంకొంచెం ముందుకు పోయాడు. 1933లో ఆయన చేపల వలను కుట్టి బనియన్ చేశాడు. నిండా చిల్లులు, ఒంటిని కప్పేది తక్కువ. కానీ దాని మీద చొక్కా వేయగానే చిల్లులన్నీ మూతపడి, ఒంటికీ చొక్కాకూ నడుమ చిన్న చిన్న గాలి గదులు ఏర్పడతాయి. కష్టపడి చెమట పట్టినప్పుడు కాలర్ విప్పితే ఆ గదుల్లోంచే తేమ బయటికి పోతుంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం బట్టల్లోనూ ఇలాంటి వల బనియన్లు ఉన్నాయి. ఎండాకాలం మన వీధుల్లో పెద్దవాళ్లు వేసుకునే నెట్ బనియన్ దానికి దగ్గరి చుట్టమే. ఒక్కటీ వేసుకుని అరుగు మీద కూర్చుంటే చల్లన, మీద చొక్కా తొడిగితే వెచ్చన. మన నెట్ బనియన్ దారం మరీ సన్నం కాబట్టి గాలి గదుల లోతు తక్కువ, ఎవరెస్ట్‌కు పనికిరాదు. లంబసింగికి మాత్రం బీరువాలో పెట్టి వెళ్లకండి.

విశాఖలో ఏటా చలికాలం టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు పెడతారు. సరుకు ఎక్కువగా లూథియానాది. అక్కడా, అనకాపల్లి కొట్లలోనూ ‘ఊలు’ అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం గొర్రెను చూసింది కాదు, అక్రిలిక్. పెట్రోలియం నుంచి తీసిన పోగు. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. పొడిగా ఉన్నంతవరకు గాలిని పట్టడంలో అది ఉన్నికి తీసిపోదు, బరువు ఇంకా తక్కువ. దాని నూగుదనం ఒక యుక్తితో వస్తుంది. వేడికి కుంచించుకుపోయే పోగులను, కుంచించుకుపోని పోగులను కలిపి దారం తీస్తారు. తర్వాత ఆవిరి పట్టిస్తారు. మొదటి రకం పొట్టిదవుతుంది. రెండో రకానికి ఉన్న పొడవు ఎక్కువై వంకర్లు తిరిగి బయటికి ఉబుకుతుంది. దారం లావెక్కుతుంది, బరువు పెరగదు. పెరిగిందంతా గాలే.

తేడా తెలిసేది తేమ దగ్గర. లంబసింగి పొగమంచులో అరగంట నిలబడితే స్వెటర్ నూగు మీద సన్నని నీటి బొట్లు ముత్యాల్లా పట్టుకుంటాయి. గాలి ఉండాల్సిన చోట్లలోకి నీరు చేరిందంటే వేడికి వంతెన వేసినట్టే. ఉన్ని పోగు పైతలం నీటిని అంటనీయదు గానీ నీటి ఆవిరిని మాత్రం లోపలికి పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. పైగా ఆవిరి పోగులో ఇమిడేటప్పుడు వేడి పుడుతుంది. మూడు వందల గ్రాముల ఉన్ని స్వెటర్‌తో పొడిగా ఉన్న గది నుంచి పొగమంచులోకి వస్తే అది నెమ్మదిగా 50 గ్రాముల దాకా తేమ పట్టి లక్ష జూళ్లకు పైగా వేడిని వదులుతుంది. గంట సేపు 30 వాట్లు అనుకోవచ్చు. స్వెటర్ సొంతంగా వేడి పుట్టించే సందర్భం ఇదొక్కటే; అదీ అప్పే. ఆరేటప్పుడు ఆ వేడిని మళ్లీ తీసేసుకుంటుంది. అక్రిలిక్ పట్టే తేమ బరువులో ఒకటి రెండు శాతమే కనుక ఈ మేలు దానికి లేదు, కానీ త్వరగా ఆరుతుంది. నూలు అన్నిటికంటే మొండి: తడిని తాగుతుంది, మెత్తబడి ఒంటికి అతుక్కుంటుంది, ఎంతకీ ఆరదు. చెమట పట్టిన నూలు బనియన్ మీద ఎంత మంచి స్వెటర్ వేసినా లోపలి నుంచి చలి పడుతూనే ఉంటుంది. కొండెక్కే ముందు పొడి బనియన్ ఒకటి సంచిలో వేసుకోవడం రెండో స్వెటర్ కంటే మేలు.

నెగడు దగ్గర మాత్రం అక్రిలిక్‌తో జాగ్రత్త. ఉన్ని మీద నిప్పురవ్వ పడితే జుట్టు కాలిన వాసనతో మాడి ఆగిపోతుంది. అక్రిలిక్ అంటుకుంటుంది, కరిగి చర్మానికి పడుతుంది. చంటిపిల్లను ఎత్తుకుని మంట పక్కన కూర్చునేవాళ్లు పిల్ల ఒంటి మీద ఏ ఊలు ఉందో చూసుకోవాలి.

అల్లిక గురించి ఇంత చెప్పుకున్నాక, కశింకోటకు అది చలికాలపు చుట్టం మాత్రమే కాదన్నదీ చెప్పాలి. అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ పెట్టిన దుస్తుల పార్కులో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది ఆడవాళ్లు లోదుస్తులు కుడుతున్నారు. అవీ ఎక్కువగా అల్లిక బట్టలే. అక్కడ అల్లికను ఎంచుకున్నది వెచ్చదనం కోసం కాదు, సాగే గుణం కోసం. లాగితే మెలిక ఆకారం మారుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, దారం సాగాల్సిన పని లేదు. అయితే సాగినప్పుడు జరిగేది చలికి సంబంధించిందే. బనియన్‌ను రెండు చేతులా లాగి ట్యూబులైటుకు అడ్డం పెడితే చిల్లులు తెరుచుకోవడం, గుడ్డ పలచబడటం కళ్లకు కడుతుంది. పొట్ట మీద బిగిసిన స్వెటర్‌కూ ఇదే గతి. అక్కడ మందం తగ్గుతుంది, చిల్లులు విచ్చుకుంటాయి, చలి సరిగ్గా అక్కడే తగులుతుంది. మరీ వదులైనా లాభం లేదు. నడిచినప్పుడల్లా కింది అంచు నుంచి చల్లగాలి దూరి మెడ దగ్గర వెచ్చగాలి బయటికి పోతుంది. మెడ, మణికట్టు, నడుము దగ్గర పట్టీలా వచ్చే రిబ్బు అల్లిక ఉన్నది ఆ దారులు మూయడానికే. రిబ్బు సాగిపోయి జారిపోతున్న పాత స్వెటర్‌కు మిగతా ఒళ్లంతా బాగున్నా సగం పని పోయినట్టే.

కొట్టులో స్వెటర్ కొనేటప్పుడు ఫైబర్ పేరు చదవడం కంటే రెండు వేళ్ల మధ్య నొక్కి వదిలి చూడటం ఎక్కువ చెబుతుంది. నొక్కగానే పలచబడి, వదలగానే మళ్లీ ఉబికితే మెలికల్లో జీవం ఉంది. నొక్కిన చోట అణిగే ఉంటే రెండు చలికాలాల్లో చాపలా అయిపోతుంది. ఉతికాక పిండి తీగ మీద వేలాడదీయకూడదు. నీటి బరువుకు మెలికలు నిలువునా సాగి అలాగే ఆరుతాయి. నీడన, చాప మీద పరిచి ఆరబెట్టాలి. అక్రిలిక్ స్వెటర్‌కు ఇస్త్రీ పెడితే మాత్రం, ఆవిరితో ఉబికించి తెచ్చిన మందాన్ని అదే వేడితో అణిచేసినట్టు. ఎన్నిసార్లు దులిపినా అది తిరిగి రాదు.